రష్యా నవల, చిత్తూరు తీర్పులు

దోస్తోయెవ్‌స్కీ 'నేరము–శిక్ష' చదివినవాళ్లను నలుగురిని ఒకచోట కూర్చోబెడితే కాఫీ చల్లారేలోపు రెండు పార్టీలైపోతారు. మనిషి మనసులోకి ఇంత లోతుగా దిగిన నవల ఇంకోటి లేదని ఒక పార్టీ. వంద పేజీల్లో తేలిపోయే కేసును పీకి పాకం పెట్టాడని ఇంకో పార్టీ. సగంలో మూసేసి, ఆ సంగతి బయటపెట్టకుండా తలలూపేవాళ్లది మూడో పార్టీ. మెజారిటీ వాళ్లదేనని నా అనుమానం.

ఈ తగువు నేను మొదట విన్నది చిత్తూరులో, ఎనభైల నడుమ. కోర్టుకు దగ్గర్లో ఒక సందు, ఆ సందులో మిద్దె మీద టైపు ఇన్‌స్టిట్యూట్. ఇంటరో డిగ్రీయో అయ్యాక టైపు లోయరు, హయ్యరు పాసవ్వాలి, ఓపికుంటే షార్ట్‌హ్యాండు కూడా నేర్చుకోవాలి. మా ఇళ్లలో పెద్దవాళ్లకు తెలిసిన ఉద్యోగ మార్గం అదొక్కటే. ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నవన్నీ పాత రెమింగ్టన్ మిషన్లు, కొత్త గోద్రెజ్ ఒక్కటి. ఆ ఒక్కదాని కోసం తెల్లవారకముందే మెట్ల మీద క్యూ. పగలంతా ప్లీడరు గుమాస్తాలు దావాలు, అఫిడవిట్లు టైపు చేయించుకోవడానికి వచ్చిపోతుండేవాళ్లు. రాత్రి చివరి బ్యాచి అయ్యాక మిషన్లకు రెక్సిన్ కవర్లు తొడిగేసరికి ఆ గది ఇంకో గదిలా అయిపోయేది.

మాస్టారు చదివేవి రెండే రకాలు. పొద్దున హిందూ పేపరు, రాత్రి రష్యన్ నవలలు. ఆ రోజుల్లో విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను ఊరూరా తిరిగేది. మాస్కోలో అచ్చయిన బొమ్మల పుస్తకాలు పిల్లలకీ, లెక్కలూ ఫిజిక్సూ పుస్తకాలు కాలేజీ వాళ్లకీ, లావుపాటి నవలలు మా మాస్టారు లాంటివాళ్లకీ. మంచి కాగితం, గట్టి అట్ట, ధర చూస్తే మన పాకెట్ నవల కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ వ్యానులో కొన్న ఇంగ్లీషు 'నేరము–శిక్ష'ను ఆయన మాకు డిక్టేషన్‌గా ఇచ్చేవారు.

దానికి ఆయన చెప్పే కారణం ఒకటుంది. పరీక్షకు వచ్చే ప్యాసేజీలన్నీ పార్లమెంటు ఉపన్యాసాలు, కంపెనీ ఉత్తరాలు. అవి చదువుతుంటే పిల్లలు నిద్రపోతారు. రెండు పేరాల తర్వాత గొడ్డలి దిగబోతోందని తెలిస్తే ఎవడూ నిద్రపోడు. పిట్‌మాన్ పద్ధతిలో ప శబ్దానికి సన్నగీత, బ శబ్దానికి అదే గీత ఒత్తి లావుగా. 'పాన్‌బ్రోకర్' (తాకట్టు వ్యాపారి) అని రాయాలంటే పెన్సిలు తేలిగ్గా మొదలెట్టి వెంటనే నొక్కాలి. ఆ నవల మొదటి భాగంలో ఆ మాట ఎన్నిసార్లు వస్తుందో గానీ, ఇప్పటికీ చేతికి పెన్సిలు దొరికితే నా వేళ్లు ముందు ఆ గీతే గీస్తాయి. నిమిషానికి 80 మాటల వేగంలో నవల్లోని ఆ తాకట్టు ముసలామె చావు మొత్తం రాసుకున్నాను. 100 కి పెంచిన రోజు ఆమె చెల్లెలు లిజవేతా లోపలికి వచ్చింది. ఆ పేజీలో నా గీతలు నాకే అర్థం కాలేదు.

డిక్టేషన్ ఆగిన చోట "తర్వాతేమైంది సార్?" అని మొదలైంది. ఇంగ్లీషులో చదివి చెబితే సగం మందికి ఎక్కదు. అందుకని చివరి బ్యాచి తర్వాత ఆయన తెలుగులో కథ చెప్పడం మొదలుపెట్టారు. రోజుకో అధ్యాయమో, రెండో. ముందు షార్ట్‌హ్యాండు వాళ్లమే కూర్చున్నాం. నాలుగు రోజులకు సందులోవాళ్లు పైకెక్కసాగారు.

వాళ్లలో మొదటివాడు నా మిత్రుడు, బెల్లం మండీలో లెక్కలు రాసేవాడు. చిత్తూరు బెల్లం మండీలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, వాడి కంటే ముందు బెల్లం వాసన మెట్లెక్కి వచ్చేది. జేబులో ఎప్పుడూ ఒక అద్దె నవల. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, లేకుంటే మధుబాబు షాడో. రోజుకు పావలా అద్దె. రెండో పావలా పడకూడదని రాత్రికి రాత్రే చదివేసి పొద్దున్నే ఇచ్చేసే రకం. చివరి పది పేజీల దాకా హంతకుడెవరో తెలియకూడదు, అదీ వాడి లెక్కలో డిటెక్టివ్ నవలంటే.

మాస్టారు కథ ఎత్తుకుంటూనే చెప్పేశారు. పీటర్స్‌బర్గ్‌లో రస్కొల్నికోవ్ అని ఒక పేద విద్యార్థి. ఫీజు కట్టలేక చదువు మానేశాడు. వస్తువులు కుదవ పెట్టుకుని అప్పులిచ్చే అల్యోనా ఇవానోవ్నా అనే ముసలామెను చంపబోతున్నాడు. అనుకోకుండా వచ్చిన ఆమె చెల్లెలు లిజవేతానూ చంపుతాడు. ఇదంతా ఆరు భాగాల నవలలో మొదటి భాగంలోనే అయిపోతుంది.

మిత్రుడు లేచి నిలబడ్డాడు. "చంపింది ఎవరో తెలిసిపోయె, ఎందుకు చంపినాడో తెలిసిపోయె. ఇంక అయిదు భాగాలు ఏం చేస్తాడు సార్? యుగంధర్ అయితే ఈపాటికి మూడు కేసులు పట్టుకునుంటాడు."

"కూర్చో. గొళ్ళెం సంగతి వినిపో" అన్నారు మాస్టారు.

ఆ గొళ్ళెం సంగతే వాణ్ణి నిలబెట్టింది. రెండు హత్యలూ అయ్యాక గానీ తలుపు తీసే ఉందని రస్కొల్నికోవ్ చూసుకోడు. పరుగున వెళ్లి గొళ్ళెం పెడతాడు. అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు. ముసలామె కోసం ఎవరో వచ్చి గంట కొట్టి, తలుపు పట్టుకుని గుంజుతున్నారు. లోపల గొళ్ళెం కొక్కెంలో ఎగిరెగిరి పడుతోంది. వీడు గొడ్డలి పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఇంకొకడు వచ్చి, తలుపు కదలడం చూసి పసిగడతాడు: బయట తాళం వేసిలేదు, లోపల గొళ్ళెం పెట్టి ఉంది, అంటే లోపల మనిషి ఉన్నట్టే. ఒకడు కాపలావాణ్ణి పిలవడానికి కిందికి పోయాడు. రెండోవాడు తలుపు దగ్గరే కాపు. మాస్టారు సరిగ్గా అక్కడ పుస్తకం మూసి, లైటు తీసేసి, "ఇంక పదండి" అన్నారు.

మర్నాడు అందరికంటే ముందు వచ్చి కూర్చున్నది మా బెల్లం మిత్రుడే. అయినా పార్టీ మారలేదు. కథ ఎక్కడ నెమ్మదించినా "సాగదీస్తా ఉండాడు సార్" అనేవాడు. "పేజీకింత అని డబ్బులిచ్చుంటారు, చూసుకోండి" అన్నాడొకసారి. తమాషా ఏమిటంటే అది నిజమే. 1866లో ఏడాది పొడుగునా 'రూస్కీ వెస్త్నిక్' అనే పత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల ఇది. అక్కడి పత్రికలు అచ్చు ఫారాల లెక్కన డబ్బిచ్చేవి. వారపత్రికల్లో సీరియళ్లు ఎందుకు అంత పొడుగో మనకు ఒకరు చెప్పాలా!

రెండో మనిషి మా సందులోనే ఉండే అత్త. నాకు వరసకు అత్త, సందులో అందరికీ కుదవత్త. భర్త పోయాక ఇంట్లోనే చిన్నచిన్న నగలు కుదవ పెట్టుకుని డబ్బిచ్చేది. కమ్మలు, ముక్కుపుడకలు, వెండి పట్టీలు, కష్టకాలంలో ఇత్తడి బిందెలు. తమ్ముడి కూతురు మా చివరి బ్యాచిలో నేర్చుకునేది. ఆ పిల్లను తోడుగా తీసుకుపోవడానికి వచ్చి మెట్ల పక్కన కూర్చునేది. వినడం లేదన్నట్టే కూర్చునేది. రస్కొల్నికోవ్ వాళ్ల నాయన వెండి వాచీ తెచ్చి ముసలామెకిచ్చే ఘట్టం వచ్చేసరికి ఉన్నట్టుండి, "ఎంతిచ్చింది?" అని అడిగింది.

వాడు అడిగింది నాలుగు రూబుళ్లు. ఆమె ఇస్తానన్నది ఒకటిన్నర. నెలకు రూబులుకు పది కోపెక్కుల వడ్డీ, అదీ ముందే పట్టుకుంటుంది. పాత బాకీ మీద వడ్డీ కూడా కోసుకుని చేతిలో పెట్టింది ఒక రూబులూ పదిహేను కోపెక్కులు.

అత్త వేళ్ల మీద లెక్క కట్టింది. "అంటే నూటికి పదా! నేను రెండు తీసుకుంటేనే సందంతా నన్ను రాకాసి అంటారే. ముందుగా పట్టుకునేది యాడన్నా ఉందా?" అంది. ఆ రోజు అల్యోనా మీద ఆమెకు ఏ కోశానా జాలి లేదు. హత్య జరిగిన రోజు మాత్రం కోపం ఎటు పోయిందో, మాస్టారిని నిలదీసింది. కొయ్యముక్కా ఇనపరేకూ కలిపి, వెండి సిగరెట్ పెట్టె అని చెప్పి, కాగితంలో చుట్టి, దారం ముళ్లు మీద ముళ్లు వేసి ఇచ్చాడు రస్కొల్నికోవ్. ఆ ముడి విప్పడానికి వెలుతురు కోసం కిటికీ వైపు తిరిగింది ముసలామె. వీపు వీడి వైపు. గొడ్డలి అప్పుడు పడింది.

"అంత కాలం ఆ యాపారం చేసిందంటావు, ఆ మాత్రం తెలీదా? వస్తువు విప్పేటప్పుడు ఎదటి మనిషికి వీపు చూపించరు. నేను వాకిట్లో కూర్చునే గీటురాయి బయటికి తీస్తా. వచ్చినోడు నా ఎదురుగా కూర్చోవాల" అంది. ఆ తర్వాత ఆమె ఇంకో పద్ధతి పెట్టింది. పొట్లం ఎవరు తెచ్చినా తను ముట్టుకోదు, తెచ్చినవాళ్లే విప్పి చేతిలో పెట్టాలి. దోస్తోయెవ్‌స్కీ వల్ల చిత్తూరు వ్యాపారంలో వచ్చిన మార్పు నాకు తెలిసి ఇదొక్కటే.

మా మిత్రుడు ఊరుకోలేదు. రస్కొల్నికోవ్ తన గది నుంచి ముసలామె ఇంటి దాకా ముందే అడుగులు లెక్కపెట్టుకుని ఉంటాడు, సరిగ్గా 730. వీడు మా ఇన్‌స్టిట్యూట్ మెట్ల నుంచి అత్త గడప దాకా నడిచి, "అందులో పదోవంతు కూడా లేవత్తా, నీకింకా డేంజరు" అని నవ్వాడు. అత్త చేతిలో ఉన్న చీపురు విసిరింది. తర్వాత నాలుగు రోజులు వాడు సందు మొదట్లోంచి కాకుండా వెనకవైపు నుంచి వచ్చాడు.

కట్టమంచి నుంచి వచ్చే తెలుగు లెక్చరరొకాయన, "మా ఊరికి ముసలమ్మ మరణం కొత్త కాదులేమ్మా" అన్నారు ఇదంతా చూసి. కట్టమంచి రామలింగారెడ్డి గారి కావ్యం అది. అందులో ముసలమ్మ పేరుకే ముసలమ్మ, పడుచు కోడలు. ఊరి కోసం చెరువుకు బలవుతుంది. జోకు ఇద్దరికి తప్ప ఎవరికీ అందలేదు గానీ, ఆయన మాత్రం వెళ్లేదాకా నవ్వుతూనే ఉన్నారు.

అసలు యుద్ధం కేసు విచారించే అధికారి పోర్ఫిరీ పెత్రోవిచ్ దగ్గర. మూడో భాగం దాకా రానే రాడు ఈయన. వచ్చాక కూడా పట్టుకోడు, మాట్లాడతాడు. గుండ్రటి మనిషి, నవ్వుతాడు, సిగరెట్ కాలుస్తాడు, సంబంధం లేనివేవో అడుగుతాడు. గొప్పవాళ్లకు మామూలు చట్టాలు వర్తించవు, నెపోలియన్ లాంటివాళ్లు రక్తం దాటి వెళ్లొచ్చు అని రస్కొల్నికోవ్ ఎప్పుడో పత్రికకు రాసిన వ్యాసం చదివి ఉంటాడు. అందులోంచి లాగుతాడు. నిన్ను నేను అరెస్టు చేయను, దీపం చుట్టూ పురుగులా నువ్వే తిరిగి తిరిగి వచ్చి పడతావు అన్న ధోరణి ఆయనది.

దీని మీద మా హెడ్డు గారికి ఒళ్లు మండిపోయింది. రిటైరైన హెడ్ కానిస్టేబుల్. పింఛను కాగితాలు టైపు చేయించుకోవడానికి వచ్చి కథకు చిక్కుకుపోయాడు. "ఇంత మాటలెందుకు సార్? అనుమానముంటే రెండు పూటలు స్టేషన్లో కూర్చోబెడితే అయిపోతుంది."

"అందుకే హెడ్డు గారూ, సెక్షన్ 25 పెట్టినారు" అన్నారు వెనకనుంచి లాయరు గారు.

లాయరు గారు మద్రాసులో లా చదివే రోజుల్లోనే ఈ నవల చదివేశారు. దావా టైపయ్యేదాకా కూర్చుని, మాస్టారు చెప్పే కథలో లా పాయింట్లు సరిచేస్తుండేవారు. పోర్ఫిరీ పోలీసే కాదని ఆయన మొదటి పాయింటు. 1860లో రష్యాలో పెద్ద నేరాల విచారణను పోలీసుల చేతుల్లోంచి తీసి వేరే విచారణాధికారులకు అప్పగించారు. పోర్ఫిరీ ఆ కొత్త ఉద్యోగి, మన లెక్కలో మేజిస్ట్రేటుకు దగ్గర. రెండో పాయింటు ఇంకా రుచిగా ఉండేది. చివర్లో రస్కొల్నికోవ్ పోయి ఒప్పుకునేది పోర్ఫిరీ ముందు కాదు, పోలీసు ఆఫీసులో ఇల్యా పెత్రోవిచ్ అనే అధికారి ముందు. మన 1872 సాక్ష్య చట్టం ప్రకారం పోలీసు అధికారి ముందిచ్చిన ఒప్పుకోలును నిందితుడి మీద రుజువుగా వాడుకోవడానికి వీల్లేదు. "నా చేతికిస్తే అక్కడే కొట్టేయిస్తా" అన్నారు. ఒక్క క్షణం ఆగి ఆయనే, "కానీ సొమ్ము రాయి కింద దాచిన చోటు వీడే చూపించినాడు. సెక్షన్ 27. అక్కడ మళ్లీ ఇరుక్కుంటాడు" అని తనకు తానే కౌంటరు వేసుకున్నారు. ఇప్పుడు చట్టం పేరూ మారింది, సెక్షన్ల నంబర్లూ మారాయి. ఆయన వాదన మాత్రం అలాగే నిలుస్తుంది.

హెడ్డు గారు ఒక్క విషయంలో మాత్రం రచయితకు ఫుల్ మార్కులు వేశారు. రస్కొల్నికోవ్ ఏ అవసరమూ లేకుండా హత్య జరిగిన ఇంటికి మళ్లీ పోతాడు. అక్కడ గోడలకు కొత్త కాగితం అంటిస్తున్నారు. వీడు గంట లాగి ఆ చప్పుడు వింటాడు, రక్తం కడిగేశారా అని పనివాళ్లను అడుగుతాడు. "ఇది నిజం. దొంగతనం జరిగిన ఇంటి ముందు గుంపులో నిలబడి, ఏమైందన్నా అని అందరికంటే ఎక్కువగా అడిగేవాణ్ణి ముందు చూడాల. నేను సర్వీసులో చూసినా" అన్నాడాయన. మిత్రుడు కూడా అప్పుడు నోరు మూసుకున్నాడు. యుగంధర్ పుస్తకాల్లో ఇది రాలేదు కాబోలు.

మాస్టారి పార్టీ గురించి చెప్పలేదు కదూ. ఆయనకు పోర్ఫిరీ కన్నా, ఇల్లు గడవడానికి ఒళ్లమ్ముకునే సోన్యా కన్నా ఇష్టమైన మనిషి నవలలోనే లేదు. ఆమె పేరు ఆన్నా, షార్ట్‌హ్యాండు నేర్చుకున్న 20 ఏళ్ల అమ్మాయి. 'నేరము–శిక్ష' ఇంకా పత్రికలో నడుస్తుండగానే దోస్తోయెవ్‌స్కీ ఒక పబ్లిషర్ చేతిలో చిక్కాడు. 1866 నవంబరు 1 లోపు ఇంకో కొత్త నవల ఇవ్వకపోతే తొమ్మిదేళ్ల పాటు ఈయన ఏం రాసినా పైసా ఇవ్వకుండా అచ్చేసుకునే హక్కు అతనిది. అక్టోబరులో ఈ అమ్మాయిని స్టెనోగా పెట్టుకుని, పగలు ఈయన చెప్పడం, రాత్రి ఆమె ఇంట్లో సాఫు రాయడం. 26 రోజుల్లో నవల తయారు. తీరా ఇవ్వబోతే పబ్లిషర్ ఊళ్లో లేడు, కావాలనే తప్పించుకున్నాడు. ఆఖరికి రాతప్రతిని పోలీసు అధికారికి అప్పజెప్పి రసీదు తీసుకున్నాడు. "అదీ తెలివంటే!" అని హెడ్డు గారు తొడ చరిచారు. ఆ తర్వాత 'నేరము–శిక్ష' చివరి భాగం కూడా ఆమెకే డిక్టేట్ చేశాడు. 1867 ఫిబ్రవరిలో పెళ్లి చేసుకున్నాడు. అప్పటికి ఆయనకు 45.

ఇది చెప్పిన వారమంతా షార్ట్‌హ్యాండు బ్యాచిలో అమ్మాయిలు గుసగుసలాడుకుంటూ నవ్వుకున్నారు. మాస్టారికి మాత్రం అది నవ్వులాట కాదు. ప్రపంచంలో ఒక గొప్ప నవల చివరి భాగం ముందుగా పుట్టింది మన గీతల్లోనే అని ఆయన నిజంగా పొంగిపోయేవారు. ఆమె నేర్చుకున్నది పిట్‌మాన్ పద్ధతి కాదు, పోనీండి.

కథ చెప్పడం ముగిసిన రాత్రి పెద్ద గొడవైంది. రస్కొల్నికోవ్ పోలీసు ఆఫీసులో నేనే చంపాను అని ఒప్పుకోవడంతో మాస్టారు పుస్తకం మూసేశారు.

"ఎన్నేళ్లు వేసినారు?" అన్నాడు హెడ్డు గారు.

"కథకు అది అనవసరం."

"అనవసరమేంది సార్! ఎపిలోగ్ ఉంది కదా, అది చెప్పరా?" అన్నారు లాయరు గారు. గదిలో జనమంతా మాస్టారి మీద పడ్డారు. ఇన్నాళ్లు కూర్చోబెట్టి చివరి ముక్క దాస్తారా అని. ఆ ఎపిలోగ్ అంటే మాస్టారికి పడదు. పశ్చాత్తాపం అక్కడ అతికించినట్టుంటుందని ఆయన అభిప్రాయం. తర్వాత తెలిసింది, పెద్దపెద్ద విమర్శకులే దీని మీద ఇప్పటికీ రెండు ముక్కలుగా ఉన్నారని. మాస్టారు మొహం ముడుచుకుని ఉండగా మిగతాది లాయరు గారు చెప్పారు. సైబీరియాలో ఎనిమిదేళ్ల కఠిన శిక్ష.

"రెండు ప్రాణాలకు ఎనిమిదేళ్లా?" అంది అత్త.

తనంతట తానే లొంగిపోయాడు, పైగా అప్పటికే రంగులేసే కుర్రాడు మికోల్కా చేయని నేరం తన మీద వేసుకుని ఉన్నాడు, క్షయతో ఉన్న తోటి విద్యార్థిని వీడు పోషించాడని సాక్ష్యం ఉంది, దోచిన సొమ్ములో ఒక్క కోపెక్కు వాడుకోలేదు అని లాయరు గారు కారణాలు చెప్పుకుంటూ పోయారు. పర్సులో ఉన్నది 317 రూబుళ్లు, మూడు ఇరవై కోపెక్కుల నాణేలు. అందులో ఎంతుందో కూడా వీడు తెరిచి చూడలేదు.

"లెక్కపెట్టలేదా?" మా మండీ మిత్రుడు తల పట్టుకున్నాడు. "మనిషిని చంపి, సొమ్ము తెచ్చుకుని, లెక్కపెట్టకుండా రాయి కింద పెడతాడా? నేను నమ్మను." నవల్లో జడ్జీలు కూడా నమ్మలేదని లాయరు గారు చెబితే, "చూసినారా, జడ్జీలు నా పార్టీ" అన్నాడు.

ఇది ఊహల కథేనా అంటే, మాస్టారి దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. సీరియల్ మొదటి భాగం పాఠకులకు చేరకముందే, 1866 జనవరిలో, మాస్కోలో డనీలోవ్ అనే విద్యార్థి తాకట్టు వ్యాపారిని, అతని పనిమనిషిని చంపేశాడు.

అత్త ఇవేవీ పట్టించుకోలేదు. ఆమెది ఒకటే ప్రశ్న. "అందరూ ఆ పిల్లోడి మనసు ఎట్ల నలిగిందో చెప్తా ఉండారు. ఆ లిజవేతా ఏం పాపం చేసింది? ఆమె పేరు ఎత్తినోడు లేడే." ఎవరి దగ్గరా సమాధానం లేదు. నాకైతే అప్పుడు ఆ ప్రశ్న అంత ముఖ్యమని కూడా అనిపించలేదు. నేను పోర్ఫిరీ పార్టీ. తెలివితేటల ఆట నచ్చే వయసు.

తర్వాత నాకు తిరుపతిలో ఉద్యోగమొచ్చింది. రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో గది. అర్ధరాత్రి రైళ్లు దిగి గోవింద కొట్టుకుంటూ పోయే యాత్రికుల మధ్య ఆ నవల పూర్తిగా నేనే చదివాను. మాస్టారు ఎంత వదిలేశారో అప్పుడు తెలిసింది. తాగుబోతు మర్మెలదోవ్ సారాకొట్టు ప్రసంగం పేజీలకు పేజీలు. రస్కొల్నికోవ్ చెల్లెలికి కుదిరిన లూజిన్ అనే పెళ్లికొడుకు వచ్చిన ప్రతిసారీ, నిజం చెప్పొద్దూ, నేనూ మిత్రుడి పార్టీలోకి జారిపోయాను. ఆ మనిషికి అన్ని పేజీలు దండగ. ఆ చెల్లెలి వెంటపడే స్విద్రిగైలోవ్‌ను మాత్రం మాస్టారు రెండు వాక్యాల్లో ముగించడం అన్యాయం. చివరి రాత్రి అతను ఆ మురికి హోటలు గదిలో కలలు కంటూ గడిపే అధ్యాయం నవల మొత్తంలో నన్ను నిజంగా భయపెట్టింది.

పోర్ఫిరీ కూడా నేను అనుకున్నట్టు లేడు. చిత్తూరులో విన్నప్పుడు ఆయన గెలిచాడనుకున్నాను. చదివితే, తన దగ్గర గట్టి రుజువు లేదని ఆయనే అంటాడు, మనస్తత్వ శాస్త్రం రెండువైపులా పనిచేసే కర్ర అని కూడా ఆయనే అంటాడు. చంపింది మీరే అని మొహం మీదే చెప్పి, ఆలోచించుకోమని గడువిచ్చి వెళ్లిపోతాడు. లొంగిపోతే శిక్ష తగ్గుతుందని సలహా కూడా. షెర్లాక్ హోమ్స్ పుట్టింది 1887లో. అంతకు రెండు దశాబ్దాల ముందే ఒకాయన డిటెక్టివ్‌ను ఇలా రాసి పడేశాడంటే, మా మిత్రుడు కోపగించుకోవడంలో వింతేముంది!

అత్త ప్రశ్నకు జవాబు మూడో భాగం చివర్లో దొరికింది. రస్కొల్నికోవ్ తనలో తనే అనుకుంటాడు, లిజవేతా గురించి నేనెందుకు తలుచుకోవడం లేదు, అసలు ఆమెను చంపనే చంపనట్టు అని. ఇంకా ముందుకెళ్తే, సోన్యా అతనికి చదివి వినిపించే బైబిలు లిజవేతా తెచ్చిచ్చినదే. ఇద్దరూ మెడలో శిలువలు మార్చుకున్న స్నేహితులు. అంటే రచయిత ఆమెను మర్చిపోలేదు, వాడు మర్చిపోయేలా రాశాడు.

గంగజాతరకు చిత్తూరు వెళ్లినప్పుడు పనిగట్టుకుని అత్తకు ఈ సంగతి చెప్పాను. ఎవరిదో వెండి గజ్జెల జత అరచేతిలో తూచినట్టు ఎగరేసి చూసుకుంటోంది.

"గుర్తు లేదని మాత్రం గుర్తుండాదా వానికి!" అంది. "సరే. అయినా ఎనిమిదేళ్లు చాలదు."

లాయరు గారూ, హెడ్డు గారూ, అత్తా ఇప్పుడు లేరు. మాస్టారు కంప్యూటర్లు వచ్చాక ఇన్‌స్టిట్యూట్ మూసేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. బెల్లం మిత్రుడు మండీలోనే ఉన్నాడు, కాకపోతే ఇప్పుడు వాడిదే మండీ. వాళ్ల మనవరాలు ఫోన్లో ఏదో ఆడియో పెట్టిచ్చిందట, గల్లాపెట్టె దగ్గర కూర్చుని చెవిలో పెట్టుకుని ఆ నవల మొదటినుంచీ వింటున్నాడు. పోయిన వారం పొద్దున్నే ఫోన్.

"ఐదో భాగంలో ఉండాను. ఆ లూజిన్ గాణ్ణి నాలుగో భాగంలోనే గెంటేసినారు కదరా, మళ్లీ ఎందుకొచ్చినాడు?"

"సోన్యా మీద దొంగతనం అంటగట్టడానికి."

"అదేంది, ఇంకా ఎంతసేపుంటాడు వాడు?"

"ఇంకో అధ్యాయం."

"సరే పెట్టేయ్, లారీ వచ్చింది" అన్నాడు. సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి, వాడు పోయాడని చెప్పాడు.